తల్లి కాదన్న పిల్ల

సోమవారం పదకొండు గంటలప్పుడు యశస్విని మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తి, "అక్కా, జర ఇటు రా" అంది.

జీవమణి చేతిలోని సన్న బ్రష్‌ను నీళ్ళ గిన్నెలో పెట్టి, వేళ్ళు స్వెట్టర్‌కు తుడుచుకుని వెళ్ళింది. ట్యాంకుల్లో నీళ్ళు చల్లగా ఉండాలని ఆ గదిలో ఏసీ ఎప్పుడూ ఆగదు. బయట పంజాగుట్టలో వాన పడినా ఎండ కాసినా లోపల స్వెట్టర్ తప్పదు.

"ఏం కనపడ్తుందో చెప్పు."

జీవమణి కన్ను ఆనించింది. స్లైడ్ మీద రెండు పూల గుత్తులు పక్కపక్కన ఉన్నాయి. ఎడమ వైపుది తల్లి, కుడి వైపుది పిల్ల. రెండింటి అంచులు తగిలిన చోట, పోపులో మాడిన ఆవగింజల్లా, ఒక వరసలో చుక్కలు.

"నల్లగ చుక్కలున్నయి మేడమ్."

"ఎన్ని?"

"ఎనిమిది."

"ఎనిమిదే. నేను నాలుగుసార్లు లెక్కపెట్టిన." యశస్విని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "తల్లి పిల్లను కాదన్నది అక్కా. ఇట్ల ఎవ్వరూ చూడలే ఇప్పటిదాకా."

అవి సముద్రంలో రాళ్ళకూ పడవల అడుగుకూ అతుక్కుని పెరిగే జీవులు. సముద్రం ఎన్నడూ చూడని జీవమణి రెండేళ్ళుగా వాటిని గాజు స్లైడ్ల మీద సాకుతోంది. ఉప్పు పొట్లాలు కలిపి సముద్రపు నీళ్ళు తయారు చేస్తుంది. ఆకుపచ్చ నాచు నీళ్ళు తాగిస్తుంది. బడిపిల్లలు బొమ్మలకు రంగులేసే బ్రష్‌తో వాటి ఒంటికి పట్టిన మురికి తుడుస్తుంది. చూడడానికి జిగురు మీద పూలు పరిచినట్టుంటాయి. ఒక్కో రెక్క ఒక్కో ప్రాణి. గుత్తిలో ఎన్ని ప్రాణులున్నా అన్నింటిలో తిరిగే రక్తం ఒకటే. రెండు గుత్తుల అంచులు తగిలినప్పుడు, వాటి మధ్య చుట్టరికం ఉంటే నాళాలు కలిసిపోయి రెండూ ఒకటే గుత్తి అవుతాయి. లేకపోతే తగిలిన చోట రెండు వైపులా కణాలు చచ్చిపోయి నల్లచుక్కలు పడతాయి, మధ్యలో గోడ లేస్తుంది. తల్లీ పిల్లా అయితే మాత్రం కలవాల్సిందే. యశస్విని తన పీహెచ్‌డీ కోసం అరవైసార్లు కట్టించి చూసింది. అరవైసార్లూ కలిశాయి.

ఇది అరవై ఒకటోది. ఆ కుడి వైపు గుత్తి ఆ తల్లికి పుట్టింది కాదని ఆ గదిలో జీవమణి ఒక్కదానికే తెలుసు.

డైరెక్టర్ బుచ్చిబాబు గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ వచ్చారు. చాలాసేపు చూశారు. చూస్తూనే అడిగారు.

"నంబర్లేంటి?"

"తల్లి నాలుగు, పిల్ల పన్నెండు సార్. పన్నెండుకు గుర్తు పసుపు దారం."

"దారం ఎవరు కట్టారు?"

"జీవమణి అక్కనే."

"మరింకేం. ఆవిడ చేతిలో పొరపాటు జరగదు."

జీవమణి కిందికి చూసింది. బ్రష్ గిన్నెలో అడ్డం తిరిగి ఉంది. దాన్ని తీసి నిలబెట్టింది.

మధ్యాహ్నానికి మిఠాయి డబ్బా వచ్చింది. గదులు ఊడ్చే సత్తెమ్మకు కూడా ఒక లడ్డూ ఇచ్చి, బుచ్చిబాబు గారు ఉత్సాహం పట్టలేక ఆవిడకే పాఠం చెప్పారు. "మన ఎముకల్లో రక్తాన్ని పుట్టించే మూల కణాలు ఉంటాయి సత్తెమ్మా. వాటికి తాతముత్తాతలు ఈ పూలల్లో ఉన్నాయి. ఏది నాది, ఏది పరాయిది అని పోల్చుకునే తెలివి మనిషికి కొత్తగా వచ్చింది కాదు. వెన్నెముక కూడా లేని రోజుల్లో, సముద్రంలోనే మొదలైంది. అది ఎలా మొదలైందో, ఎక్కడ గురి తప్పుతుందో ఇప్పుడు మనకి దొరికింది."

"అంటె సారూ, గీ తల్లికి తెలివి ఎక్కువైనట్టా, తక్కువైనట్టా?"

"అదే మనం తేల్చాలి." నవ్వి, అందరి వైపూ తిరిగారు. "శనివారం నిధులిచ్చే కమిటీ వస్తోంది. ఇది చూపిస్తే ఇంకో మూడేళ్ళు మనకి ఢోకా లేదు. మీ కాంట్రాక్టులన్నీ దీంట్లోనే ఉన్నాయి."

ఆయన వెళ్ళాక సత్తెమ్మ లడ్డూ సగం కొంగున కట్టుకుంది. "తేల్చేదేముంది. మా అత్త నన్ను గిట్లనే చూస్తుండె, ఒళ్ళంత చుక్కలు పెట్టినట్టు. ఏ కమిటీ రాలే."

జీవమణి నవ్వలేదు. లడ్డూ పాపకు తీసుకుపోదామని కాగితంలో చుట్టింది కానీ, బయల్దేరేటప్పుడు దాన్ని బల్ల మీదే వదిలేసింది.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో వాళ్ళవి రెండు గదులు. గోడ అవతల కోచింగ్ సెంటర్ మైకులో ఎవరో అదే పాఠం మూడోసారి చెబుతున్నారు. నాలుగేళ్ళ కూతురు ఒలీవియా, ఇంట్లో వాళ్ళకు ఒల్లమ్మ, మంచం మీద కూర్చుని, మందు మూత నోటికి అందేలోపే తల తిప్పేసింది. జీవమణి మూతను వెలుతురుకు పట్టి, గీత దాకా వచ్చిందో లేదో చూసి, ముక్కు మూసి పోసింది. నెలకు రెండు సీసాలు. ఈఎస్ఐ డిస్పెన్సరీలో జీవమణి కార్డు చూపిస్తే ఇస్తారు. భర్త నేతన్ పెళ్ళిళ్ళకూ ప్రార్థన సభలకూ మైకులు కట్టే పనికి పోతాడు. ఆ పనికి కార్డులు ఉండవు.

అత్త దయారత్నం గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ముఖం గట్లున్నదేంది? సార్ ఏమన్న అన్నడా?"

"మెచ్చుకున్నడు."

"మెచ్చుకుంటె గట్లుంటద?"

జీవమణి పక్కన కూర్చుని కాయ ఒకటి తీసుకుంది. "ఒల్లమ్మకు జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చిన రోజు యాదికున్నదా అత్తమ్మా? ఈ నెల మూడో తారీఖు."

"యాది లేకేం. పిల్ల కండ్లు తేలేసింది."

"బడి నుంచి మూడుసార్లు ఫోన్ చేసిన్రు. మా ఫోన్లు లాకర్ల ఉంటయి గద. సత్తెమ్మ ఉరికొచ్చి చెప్పింది. గప్పుడు నా చేతిల పన్నెండో నంబర్ స్లైడ్ ఉండె, తుడుస్తున్న. మేడమ్, నువ్ పో అక్కా, నేను నీళ్ళల్ల ఏస్త అన్నది. పళ్ళెంల పెట్టి ఉరికిన."

"ఏసిందా?"

"మర్చిపోయింది. తెల్లారి పోయి చూస్తె ఏసీ గాలికి ఎండి అప్పడం లెక్క అయింది."

"చెప్పకపోయినవా?"

"రిజిస్టర్ల సంతకం నాది. ఎండబెట్టింది నేనే అంటరు. తీసేస్తె కార్డు పోతది. పిల్ల అప్పటికింక దవాఖానల్నే ఉండె." కాయ ఈనె తీసి, తీసిన ఈనెను మళ్ళీ తుంచింది. "ఏడో ట్యాంకుల ఎవరు లెక్కపెట్టని స్లైడ్లుంటయి. గసొంటి రంగుదే ఒకటి తీసి, పసుపు దారం కట్టి, పన్నెండని రాసిపెట్టిన. రిజిస్టర్ల అన్నీ బాగున్నయి అని రాసిన."

దయారత్నం చేతులు ఆగాయి. "అంటె వేరే పిల్లను తెచ్చి ఆ తల్లి పక్కల పండవెట్టినవ్."

"పోయిన వారం జత కట్టమన్నప్పుడన్న చెప్పాలె. కలవాలె ప్రభువా, కలవాలె అని మొక్కుకుంట కట్టిన. కలవలే. ఎట్ల కలుస్తది, దాని పిల్ల గాకపాయె. ఇప్పుడందరు తల్లే కాదన్నదంటున్నరు."

"ఎవరన్న చూసిన్రా?"

"లేదు."

"దేవుడు చూసిండు. ఆయన కమిటీల లేడు." దయారత్నం చిక్కుళ్ళ చాట దగ్గరికి లాక్కుంది. "గవి పురుగులు, వాటికి నింద ఏంది, మానం ఏంది. నోరు మూసుకుని పని చేస్కో. గా సీసాలు నేను కొనలేను, నా కొడుకు కొనలేడు."

అత్త చెప్పింది తప్పు కాదు. కానీ మర్నాడు పొద్దున పాపకు జడ వేస్తుంటే, 'తల్లి పిల్లను కాదన్నది' అని యశస్విని నోటికి చేతులు అడ్డం పెట్టుకున్న తీరే కళ్ళ ముందు మెదిలింది. ఇంత సంబరంగా అనే మాటా అది, అనుకుంది.

మంగళవారం బుచ్చిబాబు గారూ యశస్వినీ పై అంతస్తులో ఉన్నారు, కమిటీకి చూపించాల్సినవి తయారు చేసుకుంటూ. జీవమణి తలుపు దగ్గరికి వేసి, మూడో ట్యాంకు వెనక్కి చెయ్యి పెట్టి, పరికరాల డబ్బా చాటు నుంచి ఒక గాజు గిన్నె బయటికి తీసింది.

అసలు పన్నెండు దాంట్లో ఉంది.

ఆ రోజు స్లైడ్ మీద పూలన్నీ మాడిపోయినా, దారం ముడి కింద మాత్రం ఒక బియ్యపు గింజంత తడి మిగిలింది. పువ్వు లేదు, మొగ్గ లేదు. కాస్త జిగురు, దాంట్లో తెగిన నాళం ముక్క. మైక్రోస్కోప్ కింద పెడితే నాళంలో నాలుగైదు కణాలు అటూ ఇటూ తూగుతున్నాయి. దాన్ని గిన్నెలో వేసి దాచింది. రోజూ సగం నీళ్ళు మార్చింది. తొమ్మిది రోజులు ఏమీ కాలేదు. పదో రోజు నాళం మీద ఒక బుడగ తేలింది. పద్నాలుగో రోజు అది విచ్చుకుంది. ఇప్పుడు నాలుగు పూలు. ఆ ముక్కలో రక్తం తప్ప ఇంకేమీ లేదు. నోరు, గుండె, రెక్కలు, అన్నీ ఆ రక్తమే చేసుకుంది.

జీవమణి నాలుగో నంబర్ తల్లి గుత్తిలోంచి చిన్న ముక్క తీయడానికి కొత్త బ్లేడు విరిచింది. బ్లేడు పడుకోబెట్టి, జిగురుకూ గాజుకూ మధ్య వెంట్రుకంత సందులో దూర్చి, ఊపిరి బిగబట్టి తోసింది. తొందరపడితే నాళం చిట్లుతుంది. ముక్క వదిలి వచ్చాక బ్రష్ మీదికి ఎక్కించి కొత్త స్లైడ్ మీదికి జార్చింది. గిన్నెలోంచి పిల్లను అలాగే తీసి, తల్లి ముక్కకు గోరంత దూరంలో పెట్టింది. తడి దారం రెండు చుట్లు. బిగుతైతే తెగిపోతుంది, వదులైతే జారిపోతుంది. పాప మొలతాడు కట్టినంత బిగువు చాలు. ఆ స్లైడ్‌ను మళ్ళీ గిన్నెలోనే పెట్టింది.

"ఏం జేస్తున్నవే, దొంగ లెక్క?" సత్తెమ్మ చీపురుతో తలుపు తోసింది.

"తల్లిని పిల్లను పండవెడుతున్న."

"పండవెట్టు. నా మనుమరాండ్లు నా పక్కకే రారు, వక్కాకు వాసనంట." సత్తెమ్మ రెండు ట్యాంకుల మధ్య ఊడ్చుకుంటూ పోయింది. గిన్నె ఎందుకు దాచావని అడగలేదు. తలుపు మాత్రం మళ్ళీ దగ్గరికి వేసి పోయింది.

బుధవారం పన్నెండింటికి అంచులు తగిలాయి. రెండు వైపుల నుంచీ నాళాల కొనలు చిన్న వేళ్ళలా సాగి ఒకదాన్నొకటి తడుముతున్నాయి. జీవమణి అన్నం డబ్బా విప్పకుండా గంటకోసారి చూసింది. నల్లచుక్క ఎక్కడైనా మొదలైతే చెప్పాల్సిందేమీ ఉండదు. అత్త అన్నట్టు నోరు మూసుకుని ఉండొచ్చు. మొదలైతే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది. అలా అనిపించినందుకు తనకే రోత పుట్టింది.

గురువారం పొద్దున చూస్తే మధ్య గీత లేదు.

తల్లి వైపు రక్తం పిల్ల వైపుకి పారుతోంది. కణాలు ఒకదాని వెనక ఒకటి, మెట్రో దిగి వచ్చే జనంలా, సందు దాటి అవతలికి పోతున్నాయి. కాసేపటికి గుండె ఆగింది. ఈ జీవుల గుండె అంతే, ఒక వైపు కొట్టి, ఆగి, రెండో వైపు కొడుతుంది. ఆగిన కణాలన్నీ వెనక్కి తిరిగి పిల్ల నుంచి తల్లిలోకి వచ్చాయి.

జీవమణి చూస్తూ ఉండిపోయింది. పక్కన యశస్విని లాప్‌టాప్‌లో ఎనిమిది చుక్కల ఫోటోకు బాణం గుర్తులు పెడుతోంది.

"మేడమ్, జర ఇది చూస్తరా?"

"అర్జెంటా అక్కా?"

"ఆ."

యశస్విని కుర్చీతోనే జరిగి కన్ను పెట్టింది. "కలిసినయి. మంచిగ కలిసినయి. ఏ జత ఇది?"

"తల్లి నాలుగు, పిల్ల పన్నెండు."

"పన్నెండు ట్యాంకుల ఉంది కదా."

"గది పన్నెండు కాదు మేడమ్. ఏడో ట్యాంకుది."

జీవమణి చెప్పింది. అత్తకు చెప్పినట్టే చెప్పింది, ఏమీ తగ్గించలేదు. యశస్విని మధ్యలో ఆపలేదు. శ్రీనగర్ కాలనీలో పుట్టి పెరిగిన ఆ అమ్మాయి రెండేళ్ళుగా తన డబ్బాలో దోసెలు ఈమెకు పెట్టింది, ఒలీవియా పుట్టినరోజుకు గౌను కొని పంపింది. ఇప్పుడు ఆమె ముఖంలో రంగు పోవడం జీవమణి చూడలేకపోయింది.

"నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"భయమైంది. మీరు నీళ్ళల్ల ఏస్తనన్నరు గద మేడమ్."

"నేనా?"

"నువ్ పో అక్కా, నేను ఏస్త అన్నరు."

యశస్విని లాప్‌టాప్ తెర కాస్త కిందికి వంచింది. "ఎవరికన్నా చెప్పినవా?"

"ఇక్కడెవ్వరికీ చెప్పలే."

"అయితే వదిలెయ్. ఎల్లుండి కమిటీ. నా మూడేళ్ళు అక్కా. సార్‌కు తెలిస్తే నీకే ప్రాబ్లెమ్." ఆమె చెయ్యి బల్ల మీది బ్లేడు దగ్గరికి పోయింది. "ఇది ఎవ్వరూ చూడలే. ఇక్కడ ఒక్క గీత గీస్తే అయిపోతది."

జీవమణి గిన్నె మీద అరచెయ్యి మూసింది.

"జరుగు అక్కా."

"వద్దు మేడమ్. దీన్ని ఒక్కసారి సంపినం."

ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆమె ఆలోచించుకోలేదు. గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా మెట్లెక్కి, మోచేత్తో బుచ్చిబాబు గారి తలుపు తోసింది.

ఆయన విన్నారు. ముఖంలో కోపం కనిపించలేదు. వెనకాలే వచ్చి నిలబడిన యశస్విని వైపు చూశారు.

"ఆ రోజు ఈవిడని నువ్వు పంపించావా? స్లైడ్ నేను చూసుకుంటానన్నావా?"

యశస్విని కిటికీ వైపు చూసింది. ఎర్రమంజిల్ వైపు రోడ్డు మీద వాన నీళ్ళలో ఆటోలు ఆగిపోయి ఉన్నాయి.

"గుర్తు లేదు సార్."

జీవమణి చేతుల్లో గిన్నె చల్లగా ఉంది. ఆ మాట పడ్డాక, ఇక తను దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

బుచ్చిబాబు గారు గిన్నెలోకి వంగి చూశారు. తర్వాత, ఎవరూ అనుకోనిది అడిగారు. "ఎండిపోయాక దాంట్లో పువ్వు ఒక్కటైనా మిగిలిందా?"

"లేదు సార్."

"మొగ్గ?"

"లేదు. నాళం ముక్కొక్కటే."

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పమ్మా. ఒక్క మొగ్గ కూడా లేదా?"

"లేదు సార్. నేను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన."

ఆయన లేచి, గిన్నె ఆమె చేతుల్లోంచి తీసుకున్నారు. "రేపు పొద్దున మాట్లాడదాం. యశస్వినీ, నువ్వు ఉండు."

ఆ సాయంత్రం జీవమణి జరిగింది ఇంట్లో చెప్పింది. దయారత్నం మందు సీసా కిటికీలో పెట్టి, ఎంత మిగిలిందో వేలితో చూపించి పోయింది. అంతే.

శుక్రవారం పొద్దున బుచ్చిబాబు గారు జీవమణిని కూర్చోమన్నారు. రెండేళ్ళలో ఆయన ముందు ఆమె కూర్చోవడం అదే మొదలు. బల్ల మీద పాత రిజిస్టర్, దాని పక్కన అలాంటిదే కొత్త రిజిస్టర్, రెండు పెన్నులు.

"తల్లి పిల్లని కాదందన్న మాట తీసేశాం. కమిటీకి అది చూపించం. నువ్వు చెప్పబట్టి పరువు దక్కింది."

"సరే సార్." కార్డు ఎప్పుడు వెనక్కి ఇవ్వాలని అడగడానికి నోరు తెరిచింది.

"కానీ నువ్వు గిన్నెలో పెంచావే, అది దానికంటే పెద్దదమ్మా. మన దగ్గరున్న ఈ రకంలో ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. ఉత్త నాళం ముక్కలోంచి, రక్తంలో ఉన్న మూల కణాల నుంచి, మొత్తం ప్రాణి మళ్ళీ లేచింది. లేచినదాన్ని తల్లి గుర్తుపట్టింది కూడా. రేపు కమిటీకి అదే చూపిస్తున్నాం."

జీవమణికి నవ్వు రాబోయింది.

"అయితే ఒకటి. ఆయా మర్చిపోతే ఎండిందంటే దాన్ని ప్రయోగం అనరు. ప్రయోగమంటే అనుకుని చేయాలి. జులై మూడో తారీఖున యశస్విని కావాలనే పన్నెండో స్లైడ్ బయటపెట్టింది. నాలుగో తారీఖున మిగిలిన ముక్కను గిన్నెలోకి మార్చింది. ఆ రోజు నుంచీ తనే చూసుకుంది."

"నేను మార్చిన స్లైడ్ సార్?"

"నువ్వేం మార్చలేదు. పాపకి బాగోలేక సెలవు పెట్టావు. అన్నీ బాగున్నాయని నువ్వు రాసిన పేజీ ఒకటుంది, అది అడ్డం. అందుకే జులై మొత్తం కొత్త దాంట్లో మళ్ళీ రాయాలి. నీ చేతిరాతతోనే ఉండాలి."

"రాయకపోతే సార్?"

ఆమె బెదిరించడానికి అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది. ఆయన కూడా అలాగే జవాబిచ్చారు.

"రాయకపోతే నిన్న నువ్వు చెప్పింది రాసి పై వాళ్ళకి పంపాలి. నిర్లక్ష్యం ఒకటి, నంబర్లు మార్చడం ఒకటి. నాకిష్టం లేదమ్మా అది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాప ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"మందులు సరిగ్గా అందుతున్నాయా?"

"అందుతున్నయి."

"మంచిది. వచ్చే నెల నుంచి నీది మూడేళ్ళ కాంట్రాక్టు. ఇదిగో, ఒకే పెన్నుతో రాయకు. రెండు రోజులు నీలం, మూడు రోజులు నలుపు, అలా మార్చు."

జీవమణి రాసింది. ఒకటో తారీఖు ఉప్పు ఎంత, నీళ్ళ చల్లదనం ఎంత. రెండో తారీఖు నాచు ఎంత. మూడో తారీఖు దగ్గర పెన్ను ఆగితే, ఆయన మెల్లగా చెప్పారు, ఆమె మెల్లగా రాసింది. పదో తరగతితో చదువు ఆగిన చేతిరాత, అక్షరాలు పెద్దవి, విడివిడిగా ఉంటాయి. ఎంత అబద్ధమైనా ఆ అక్షరాల్లో నిజంలాగే కనిపించింది. గంటన్నరలో నెల మొత్తం అయిపోయింది. చివర వేలు నొప్పెట్టింది, అంతే. నాలుగో తారీఖున ఒక్క అబద్ధం రాయడానికి ఎంతసేపు పట్టిందో, ఇవాళ ఇన్నింటికి ఎందుకు పట్టలేదో ఆమెకు తెలియలేదు. ఆయన పాత రిజిస్టర్ సొరుగులో పెట్టి తాళం వేశారు.

"ఆ ఏడో ట్యాంకుది కూడా తీసెయ్. లెక్కలో లేనిది రేపు అక్కడ కనపడకూడదు."

కిందికి వచ్చి ఆ స్లైడ్ తీసింది. ఎనిమిది చుక్కలకు అటు నాలుగో నంబర్ తల్లి ముక్క, ఇటు పేరు లేని పిల్ల. అది బతికే ఉంది. రెక్కలు తెరిచి నీళ్ళు పీల్చుకుంటోంది. మొదటి నుంచీ అది చేసిన తప్పేమీ లేదు. ఏడో ట్యాంకులో ఉన్నదాన్ని తెచ్చి, ఇంకొకరి పిల్లవని దారం కట్టి, కలవలేదని ఫోటోలు తీశారు. తిరిగి ఏడో ట్యాంకులో వేద్దామా అనుకుంది. రేపు ఎవరైనా లెక్కపెడతారేమోనన్న భయం చెయ్యి పట్టుకుంది. పనికిరానివి చంపి పారేసే మందు నీళ్ళ బకెట్ దగ్గర కూర్చుని, బ్లేడు పడుకోబెట్టి, గాజు మీద ఒక్కసారి తోసింది. ఈసారి మెల్లగా తోయాల్సిన పని లేదు.

లేచి చూస్తే యశస్విని నిలబడి ఉంది, చేతిలో కొత్త నోట్‌బుక్.

"రోజులు చెప్తవా? సార్ సాయంత్రానికల్లా ఇవ్వమన్నరు." అక్కా అనలేదు. అననన్న సంగతి ఇద్దరికీ తెలిసింది.

జీవమణి చేతులు కడుక్కుని స్టూల్ మీద కూర్చుంది.

"నీళ్ళు ఎన్ని రోజులకొకసారి మార్చిన?" అని అడిగింది యశస్విని, తనే మార్చినట్టు. అప్పటికే అలా రాసుకోవడం అలవాటు చేసుకుంటోంది కాబోలు.

"రోజూ సగం."

"బుడగ?"

"పదో రోజు. పొద్దున లేదు, మధ్యాహ్నానికి వచ్చింది."

"మొదటి పువ్వు?"

"పద్నాలుగు."

"గుండె కొట్టుకునుడు?"

"గా రోజే. నాలుగింటికి. మొదలు ఎడమకే కొట్టింది. కుడికి మళ్ళనీకి రెండు రోజులు పట్టింది."

యశస్విని గీతలు గీసుకున్న పట్టికలో ఒక్కో గడి నింపుతూ పోయింది. తర్వాత పెన్ను ఎత్తి, మొదటిసారి జీవమణి ముఖంలోకి చూసింది.

"తొమ్మిది రోజులు ఏం రాకపాయె. ఎందుకు పారేయలే?"

జీవమణి ఆలోచించింది. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని ప్రశ్న ఆ రోజు అదొక్కటే.

"నేను పిల్లతోని దవాఖానల ఉన్నరోజు, అది ఇక్కడ ఏసీ కింద ఒక్కతే ఉన్నది మేడమ్. ఎవ్వరూ నీళ్ళల్ల ఎయ్యకపాయె."

యశస్విని చూపు దించుకుంది. పట్టికలో పై నుంచి కిందికి వేలు పెట్టి వెతికింది, ఆ మాట ఎక్కడైనా పడుతుందేమోనని. తర్వాత పేజీ తిప్పింది.

"పదిహేనో రోజు చెప్పు" అంది.

జీవమణి పదిహేనో రోజు చెప్పింది.